గల్ఫ్ ఏళ్లు కూడా ఆయుష్షులోవే

మా మెట్‌పల్లి, కోరుట్ల వైపు గల్ఫ్‌లో గడిపిన కాలాన్ని మనిషి ఆయుష్షులో కలిపి లెక్కపెట్టరు. ఇరవై ఏళ్లు దుబాయిలో ఉండి వచ్చినవాణ్ని సైతం "ఎప్పుడొచ్చినవ్, మళ్ల ఎప్పుడు పోతవ్, ఎంత ఎనకేసినవ్" అని అడుగుతారు తప్ప, అక్కడ ఏ పేటలో ఉన్నావు, పొరుగున ఎవరుండేవారు, సెలవు రోజు ఎక్కడికి వెళ్లేవాడివి అని అడిగినవాళ్లను నేను చూడలేదు. వెళ్లి వచ్చినవాళ్లు కూడా "అక్కడేమున్నది, డ్యూటీ, రూము" అని రెండు మాటల్లో తేల్చేస్తారు. పదిహేనేళ్ల జీవితం అలా రెండు మాటల్లో ముగిసిపోవడాన్ని మనం సహజమనుకుంటున్నాం. అది సహజం కాదని, పరాయి ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ ఊరిలో నిండుగా కాపురం ఉండాలని, అందుకయ్యే ఖర్చును దుబారా అనకూడదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను పుట్టింది మెట్‌పల్లిలో, మెట్టింది కోరుట్లలో, కాపురం చేసింది దుబాయి నగరంలో దేరా అనే సముద్రపు ఒడ్డు పేటలో. మా ఆయన క్రీక్ ఒడ్డున ఒక సరుకుల వ్యాపార సంస్థలో లెక్కలు రాసేవారు. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక నేను కూడా దగ్గర్లోని ఒక టైపింగ్ సెంటర్‌లో చేరి వీసా దరఖాస్తులు, ఎమిరేట్స్ ఐడీ ఫారాలు, ఇంటి కిరాయి ఒప్పందాలు నింపే పని చేశాను. ఇప్పుడు పిల్లల చదువుల కోసం హనుమకొండలో ఉంటున్నాం. గల్ఫ్ గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు, రాసేవాళ్లు ఎక్కువగా మగవాళ్లే కాబట్టి, కిరాయి ఇల్లు, వంట, ఇరుగుపొరుగు, పిల్లల బడి అనేవి ఆ మాటల్లో రావు. నా వాదనకు ఆధారాలు మాత్రం అక్కడే ఉన్నాయి.

మన వాళ్ల ధోరణి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఉత్తర తెలంగాణ బతుకును మూడు మాటల్లో చెప్పుకున్న రోజులు ఎంతో దూరంలో లేవు. నీళ్లు పడని బోర్లకు చేసిన అప్పు ఒకవైపు, వీసా కోసం ఏజెంటుకు కట్టిన డబ్బు మీద నెలనెలా పెరిగే మిత్తి మరోవైపు ఉండగా, మగవాళ్లు విమానమెక్కితే ఇంట్లో ఆడవాళ్లు చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టి పిల్లలను సాకారు. మొదటి రెండేళ్లు పంపిన డబ్బంతా మిత్తికే సరిపోయిన ఇళ్లు మా వాడకట్టులోనే ఉండేవి. అటువంటి ఇంట్లో అక్కడ ఖర్చుపెట్టిన ప్రతి దిర్హం ఇక్కడి నోటి దగ్గరి కూడు తీసినట్టే అనిపిస్తుంది. నేను కాపురానికి వెళ్తానన్నప్పుడు మా అత్తమ్మ కోపంతో కాదు, భయంతోనే అన్నది: "కిరాయికి పోసే పైసలతోని ఈడ రెండు గుంటల జాగ కొనొచ్చు గద బిడ్డా." ఆమె లెక్క ఆమెకు న్యాయమైనదే. కాని ఆ లెక్క అప్పు తీరేదాకానే న్యాయం. మా ప్రాంతంలో అప్పు తీరిన తర్వాత కూడా, జీతం పెరిగిన తర్వాత కూడా, భార్యను తీసుకుపోగలిగిన స్తోమత వచ్చిన తర్వాత కూడా అదే లెక్క మీద ముప్పై ఏళ్లు నడిపే కుటుంబాలు ఉన్నాయి. నా అభ్యంతరం అక్కడ మొదలవుతుంది.

దేరా స్వభావం కొంత చెబితే తప్ప నేననేది అర్థం కాదు. సముద్రం నుంచి ఊరి లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయను క్రీక్ అంటారు. దానికి ఒక ఒడ్డున బర్ దుబాయి, రెండో ఒడ్డున దేరా ఉన్నాయి. ఒడ్డు నుంచి ఒడ్డుకు అబ్రా అనే చిన్న చెక్క పడవలో ఒక్క దిర్హంతో దాటవచ్చు. ఎత్తైన మేడల దుబాయిని చూసినవాళ్లు ఈ ఊరు నిన్నమొన్న ఇసుకలోంచి లేచిందనుకుంటారు గాని, 1966లో అక్కడ చమురు బయటపడకముందే, 1971లో ఎమిరేట్స్ అనే దేశం ఏర్పడకముందే, ఈ పాయ ఒడ్డున పరదేశీయులు కాపురాలున్నారు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఇరాన్ తీరంలోని లింగే రేవులో సుంకాలు పెరిగి వర్తకులు ఇబ్బందిపడుతుంటే, దుబాయి పాలకుడు తన రేవులో సుంకం ఎత్తివేసి, వాళ్లను పిలిచి చోటిచ్చాడు. వాళ్లు కట్టుకున్న, గాలిని ఇంట్లోకి దింపే బురుజుల ఇళ్లు బర్ దుబాయి ఒడ్డున నేటికీ ఉన్నాయి. సింధీ, గుజరాతీ వర్తకులు కూడా అప్పటి నుంచే ఉన్నారు. 1966 దాకా ఆ బజార్లలో చెల్లింది మన రూపాయే. 1959 నుంచి రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరుగా నోట్లు అచ్చువేసేది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాకే ఆ ఒప్పందం చెదిరింది. దిర్హం వచ్చింది 1973లో.

ఈ చరిత్ర చెప్పడంలో నా ఉద్దేశం ఒక్కటే. ఓడరేవు పేటకు పరదేశి కొత్తవాడు కాదు. ఆ పేట పుట్టిందీ, పెరిగిందీ వచ్చిపోయేవాళ్ల కోసమే. నేటి దుబాయి జనాభాలో పదిమందిలో తొమ్మిదిమంది దాకా బయటివాళ్లే. అటువంటి చోట "మనది కాని ఊరు కదా" అని ఒదిగి ఒదిగి ఉండవలసిన అవసరం ఎవరికీ లేదు. మేమున్న రోజుల్లో బనియాస్ రోడ్డు పక్కన గట్టు మీద చెక్క లాంచీలు వరుసగా కట్టి ఉండేవి. ఫ్రిజ్‌లు, టైర్లు, దుప్పట్ల మూటలు, బియ్యం బస్తాలు ఎవరూ కాపలా లేకుండానే గట్టు మీద పేర్చి ఉండేవి. ఆ సరుకు ఇరాన్‌కు, సోమాలియాకు పోయేది. లాంచీ మీద వంట చేసుకునే సరంగులో, గట్టు మీద బరువులు మోసే పఠానులో, లెక్కలు రాసే మా ఆయనో, ఎవరూ ఆ ఊరివాళ్లు కారు. అయినా ఆ గట్టు ఎవరిదని అడిగితే వాళ్లందరిదీ అనే చెప్పాలి.

కిరాయి సంగతికి వస్తాను. దుబాయిలో పనిచేస్తూ, కిరాయి తగ్గుతుందని షార్జాకో అజ్మాన్‌కో వెళ్లి ఉండే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. నెలకు కొంత మిగులుతుంది, నిజమే. దానికి బదులుగా ఆ ఇంటి మగమనిషి పొద్దున్నా సాయంత్రమూ ఆ రహదారి మీద బండ్ల వరుసలో కూర్చుని ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోతారు. భార్య పగలంతా ఎవరూ నడవని కొత్త భవనాల మధ్య ఒక్కతే ఉంటుంది. వాళ్లు ఊరికి ఫోన్ చేసే సమయం పెరుగుతుంది, ఉన్న ఊరితో మాట్లాడే సమయం ఉండదు. మేము జీతంలో మూడో వంతుకు మించి కిరాయికి పెట్టి, దేరాలో ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక పాత భవనంలో ఒక్క పడకగది ఇంట్లో ఉన్నాం. లిఫ్టు తరచూ ఆగిపోయేది, వంటింటి కిటికీ గాలిగొట్టంలోకి తెరుచుకునేది. కాని మా ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవారు. పిల్లలు తండ్రితో కలిసి అన్నం తిన్నారు. 2011లో గ్రీన్ లైన్ మెట్రో వచ్చాక కారు కొనాలనే ఆలోచన కూడా మానుకున్నాం. గుంటల లెక్కలో ఆ భోజనాల విలువ ఎంతో ఎవరూ నాకు కట్టి చూపలేదు.

కిరాయి కడితే వచ్చేది గది ఒక్కటే అనుకోవడం కూడా పొరపాటు. దుబాయిలో ఇంటి ఒప్పందాన్ని ఇజారీ అనే పద్ధతిలో నమోదు చేస్తారు. కిరాయి పెంచాలంటే ప్రభుత్వం ప్రకటించే సూచిక ప్రకారమే పెంచాలి. ఇల్లు అమ్ముకోవడానికో, తన వాళ్లను ఉంచడానికో యజమాని ఖాళీ చేయించాలన్నా, 2008 నాటి చట్టం ప్రకారం 12 నెలల ముందు నోటరీ ద్వారా గాని రిజిస్టరు పోస్టులో గాని నోటీసు ఇవ్వాలి. ఏడాది కిరాయిలో 5 శాతం ఇంటి రుసుము కరెంటు బిల్లులో కలిసి వస్తుంది, దాన్ని కిరాయిదారే కడతాడు. టైపింగ్ సెంటర్‌లో ఒప్పందాలు నింపేటప్పుడు నేను మన వాళ్లకు ఈ సంగతులు విడమరిచి చెప్పేదాన్ని. ఊరికి రుసుము కడుతున్నవాడు, నోటీసు లేకుండా కదిలించలేని హక్కు ఉన్నవాడు ఆ ఊరివాడు కాకుండా ఎలా పోతాడు? మన వాళ్లలో చాలామంది ఆ ఒప్పందం కాగితం చదవకుండానే సంతకం పెట్టేవారు. ఎప్పుడో పోయేవాళ్లం కదా, ఇదంతా మనకెందుకు అనే భావమే అందుకు కారణం.

చట్టం అంటే నాకు గుర్తొచ్చేది దుబాయి కంటే ముందు మన ఓరుగల్లు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. ఆ రాతి స్తంభం ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వీరభద్రస్వామి ఆలయంలో ఉంది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవారి మీద దయతో తాము నిర్ణీత సుంకం తప్ప మిగతావన్నీ వదిలివేస్తున్నామని, ఆ సుంకం ఎగుమతి దిగుమతుల మీద ముప్పైలో ఒక వంతని అందులో చెక్కించాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాల వంటి సరుకులకు ఎంతెంతో కూడా రాయించాడు. సముద్రానికి ఎంతో దూరాన, కోట గోడల మధ్య కూర్చున్న రాజు, తెలియని దేశం నుంచి వచ్చే తెలియని మనిషికి ఏం కావాలో సరిగ్గా గ్రహించాడు. అతనికి కావలసింది ముందే తెలిసిన లెక్క. ఎంత కట్టాలో, ఏది పోదో, ఎవరు లాక్కోకూడదో తెలిస్తే అతను ధైర్యంగా ఓడ దిగుతాడు, అంగడి పెడతాడు, ఏళ్ల తరబడి ఉంటాడు. లింగే వర్తకులకు దుబాయి పాలకుడు ఇచ్చింది కూడా అదే. వరంగల్ కోటలో తోరణాల దగ్గర ఫొటోలు దిగే మన పిల్లలకు ఈ శాసనం సంగతి తప్పకుండా చెప్పాలని నా కోరిక.

గల్ఫ్‌లో ఈ అభయం అందరికీ సమానంగా అందలేదు. అందుకు మా ఇల్లే సాక్ష్యం. మా ఆయన మొదట పనిచేసిన కంపెనీ కొన్ని నెలలు జీతం ఆపింది, పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకుంది. అది జరిగింది జీతాలు తప్పనిసరిగా బ్యాంకు ద్వారా చెల్లించే పద్ధతి 2009లో రాకముందు. ఆ పద్ధతి వచ్చాక జీతం ఆపితే ప్రభుత్వానికి తెలిసిపోతుంది. 2022 ఫిబ్రవరి నుంచి అమలైన కొత్త కార్మిక చట్టం, పనివాళ్ల పాస్‌పోర్టు వంటి కాగితాలను యజమాని దగ్గర పెట్టుకోవడాన్ని స్పష్టంగా నిషేధించింది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదనే నియమం కూడా ఉంది. ఇవి కాగితం మీదే ఉన్నాయనేవాళ్లు ఉన్నారు. కాగితం మీద ఉన్నదాన్ని పట్టుకుని నిలబడటానికైనా మనిషి ఆ ఊళ్లో నలుగురిని ఎరిగి ఉండాలి. మా ఆయనకు ఫిర్యాదు రాసిపెట్టింది పక్కింట్లోని కేరళ కాసర్‌గోడ్ ఆయన, దారి చూపింది కింది బకాలా అనే కిరాణా కొట్టులో పనిచేసే బలూచీ పెద్దమనిషి. ఊరిలో ఉన్న మావాళ్లు ఏడవడం తప్ప ఏం చేయగలరు?

ఇరుగుపొరుగు గురించి ఇంకొంచెం చెప్పాలి. సముద్రం లేని జిల్లా నుంచి వెళ్లిన నాకు చేపలంటే చెరువు చేపలే: బొచ్చె, రవ్వు, కొర్రమట్ట. దేరా చేపల మార్కెట్‌లో మొదటిసారి నిలబడినప్పుడు ఒక్క చేపను కూడా గుర్తుపట్టలేకపోయాను. ఆ కాసర్‌గోడ్ ఆయన భార్య, నేను అక్కయ్య అని పిలిచే ఆమే, నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, మొప్ప ఎత్తి రంగు చూడటం, కడుపు మీద వేలితో నొక్కి గుంట పడుతుందో లేదో చూడటం, ఐస్ మీద ఎక్కువసేపు ఉన్న చేప కన్ను ఎలా తెల్లబడుతుందో పోల్చుకోవడం నేర్పింది. అక్కడివాళ్లు కనద్ అనేదే మన వంజరం. హమూర్ ముక్క గట్టిగా ఉంటుంది, పులుసులో విడిపోదు. షేరి చవక, వేపుడుకు బాగుంటుంది. చిన్న చిన్న చుక్కల సాఫీ చేపను ఒమానీలు, ఎమిరాతీలు ఇష్టంగా కొంటారు, దాని ముల్లు గుచ్చుకుంటే మాత్రం చేయి మండిపోతుంది. చేప కొన్నాక కడిగి కోసే బల్లల దగ్గరికి తీసుకెళ్తే, తూకాన్ని బట్టి డబ్బు తీసుకుని, పులుసుకా వేపుడుకా అని అడిగి దానికి తగ్గట్టు ముక్కలు కొట్టి ఇచ్చేవారు. 2017లో ఆ మార్కెట్టు చల్లటి కొత్త భవనంలోకి మారింది, నేల తడి తగ్గింది, బేరమాడటం మాత్రం తగ్గలేదు. మా చింతపండు పులుసు, మెంతుల పోపు ఆ అక్కయ్య వంటింటికి వెళ్లాయి, ఆమె కొబ్బరిపాల కూర మా ఇంటికి వచ్చింది. వీధి చివర ఇరానీ రొట్టెల కొలిమిలో సాయంత్రం కాల్చే పొడవాటి రొట్టె కోసం మా అబ్బాయి చిల్లర పట్టుకుని వరుసలో నిలబడేవాడు. కొలిమి ముందర నిలబడ్డ ముసలాయన వాడిని ఫార్సీలో ఏదో ముద్దు పేరుతో పిలిచేవాడు. అరబేతర పిల్లలకు కూడా 9వ తరగతి దాకా అరబ్బీ తప్పనిసరి కాబట్టి, మా పిల్లలు దుకాణాల బోర్డులు మాకు చదివి వినిపించేవారు.

బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతాయి? బంతి, చామంతి కొని పేర్చుకునేవాళ్లం. మా భవనంలో తెలుగువాళ్లం మూడు ఇళ్లే అయినా, చప్పట్లు కొడుతూ తిరిగేవాళ్లలో ఫిలిప్పీన్స్ నర్సు, లాహోర్ వదినె, కాసర్‌గోడ్ అక్కయ్య అందరూ ఉండేవారు. పెద్ద హాల్లో వేలమందితో జరిగే తెలుగు సంఘాల బతుకమ్మలకు కూడా మేము వెళ్లాం, అవి అవసరమే. కాని నా పండుగ ఆ భవనపు మిద్దె మీదే జరిగిందని ఇప్పటికీ అనిపిస్తుంది. పరాయి ఊళ్లో మన వాళ్లతో మాత్రమే ఉండటం ఊరట. ఆ ఊరట ఒక్కటే అలవాటైతే, మనం వెళ్లిన చోటు మనకు ఎప్పటికీ తెలియకుండా పోతుంది.

నా మాటకు ఎదురుగా నిలిచే బలమైన అభ్యంతరం కార్మిక శిబిరాలది. మన జిల్లాల నుంచి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది నా వంటివాళ్లు కారు. భార్యాపిల్లలను తెచ్చుకోవాలంటే కనీసం 4,000 దిర్హంలు గాని, ఇల్లు కంపెనీ ఇస్తే 3,000 దిర్హంలు గాని జీతం ఉండాలని 2019లో నియమం పెట్టారు. తాపీ పనివాడికి, ఊడ్చే పనివాడికి ఆ జీతం రాదు. సోనాపూర్ శిబిరంలో ఒక గదిలో ఒకదాని మీద ఒకటిగా మంచాలు వేసుకుని ఉండే తమ్ముళ్లకు "నిండుగా కాపురం ఉండండి" అని చెప్పడం న్యాయమా అని నన్ను అడగవచ్చు. అడగాలి కూడా.

వాళ్ల విషయంలో నేను చెప్పేది వేరు. రాయికల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక తమ్ముడు వీసా రద్దు కాగితాలు రాయించుకోవడానికి మా టైపింగ్ సెంటర్‌కు వచ్చాడు. వచ్చి ఏళ్లయిందట, ఇంకో వారంలో ఊరికి పోతాడట. మాటల్లో, తాను సముద్రం ఇంతవరకు చూడలేదన్నాడు. బస్సులో వెళ్తే అరగంట దారి కూడా లేదు. ఆ సాయంత్రం మా ఆయన అతన్ని అల్ మమ్జర్ బీచ్‌కు తీసుకెళ్లారు. అతను ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలో నిలబడి, దోసిట్లో నీళ్లు తీసి నాలుకకు తగిలించి చూసి, "ఇంత దగ్గరున్నదా అన్నా" అన్నాడట. అతన్ని సముద్రం చూడనివ్వకుండా ఎవరూ కట్టేయలేదు. సెలవు రోజు బట్టలు ఉతుక్కోవడం, నిద్ర, ఊరికి ఫోను, ఇంతే నీ బతుకు అని ఊరూ, గదిలోని పెద్దలూ, తానూ కలిసి ఒప్పుకున్నారు. బస్సు చార్జీ కూడా దుబారా కిందే లెక్కకట్టారు. ఆ తర్వాత సెలవు రోజు నైఫ్, సబ్ఖా వీధుల్లో గుంపులుగా నిలబడే మన పిల్లలను చూసినప్పుడల్లా మా ఆయన పలకరించి, క్రీక్ దాకా నడిపించి, అబ్రా ఎక్కించేవారు.

ఖర్చు తగ్గించుకోవడం ప్రాణాల మీదికి వచ్చే సందర్భాలు కూడా ఉన్నాయి. ఒక ఫ్లాటును ప్లైవుడ్ చెక్కలతో ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఇద్దరు ముగ్గురిని ఉంచే పార్టిషన్ గదులు దేరా నిండా ఉండేవి. మంచం మాత్రమే కిరాయికి ఇచ్చే బెడ్‌స్పేస్ ప్రకటనలు కరెంటు స్తంభాలకు అంటించి ఉండేవి. 2025 జూన్‌లో దుబాయి మున్సిపాలిటీ అల్ రిగ్గా, మురక్కబాత్, సత్వా వంటి పేటల్లో అనుమతి లేని పార్టిషన్లను తొలగించడానికి తనిఖీలు మొదలుపెట్టినప్పుడు, పేదవాళ్లు ఎక్కడికి పోతారని చాలామంది బాధపడ్డారు. ఆ బాధ నాకూ ఉంది. అయితే దానికి ఏడాది ముందు, 2024 జూన్ 12న, కువైట్ తీరంలోని మంగాఫ్‌లో కిక్కిరిసిన కార్మికుల భవనంలో మంటలు లేచి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. ఆ వార్త వచ్చిన రోజు కోరుట్లలో గల్ఫ్‌తో సంబంధమున్న ప్రతి ఇంట్లో ఫోన్లు మోగాయి. మనిషి పడుకునే చోటికి డబ్బు పెట్టడం విలాసమనే ఆలోచన కంపెనీలకు ఉంది, దాన్ని ఎదిరించాలి. మనకూ ఉంది, దాన్ని వదులుకోవాలి.

ఎన్నేళ్లున్నా అది మన ఊరు కాదు కదా, వీసా పోతే మర్నాడు బయలుదేరాలి కదా అనేవాళ్లకు నేను కాదని చెప్పలేను. మాలాంటివాళ్ల వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. మా రోజుల్లో వీసా రద్దయితే ఊరు విడిచి పోవడానికి 30 రోజులు గడువుండేది. 2019లో ఎక్కువ ఏళ్లు ఉండనిచ్చే గోల్డెన్ వీసా వచ్చినా అది అందరికీ అందేది కాదు, మాలాంటివాళ్లకు పౌరసత్వం మాట అసలే లేదు. పోనీ ఆ సముద్రమైనా స్థిరంగా ఉందా? దేరా కార్నిష్ గట్టు మీద నిలబడితే ఒకప్పుడు ఎదురుగా అంతా నీళ్లే. 2004లో తాటిచెట్టు ఆకారంలో ఒక దీవి కడతామని ప్రకటించి ఇసుక పోయడం మొదలుపెట్టారు. 2008 ఆర్థిక సంక్షోభంతో పని ఆగింది. ఏళ్ల తరబడి మా కళ్ల ముందు ఆ ఇసుక దిబ్బలే ఉండి, 2022లో దుబాయి ఐలాండ్స్ అని కొత్త పేరు పెట్టుకున్నాయి. గట్టు మీద గాలాలు వేసుకుని కూర్చునే ముసలివాళ్లు ఒక చోటి నుంచి మరో చోటికి జరుగుతూ పోయారు, గాలం వేయడం మాత్రం మానలేదు. వాళ్లలో పౌరులూ ఉన్నారు, పరదేశీయులూ ఉన్నారు. ఉండేది కొన్నాళ్లే కాబట్టి సరిగ్గా ఉండనక్కరలేదనే తర్కం ఎక్కడ ఆగుతుందో నాకు తెలియదు. హనుమకొండలో కూడా మేము కిరాయి ఇంట్లోనే ఉన్నాం. ఇక్కడ మాత్రం కుండీల్లో మొక్కలు పెట్టుకోమని అత్తమ్మే పురమాయిస్తుంది.

దాచిన డబ్బు ఏమైందో కూడా చూడాలి. మెట్‌పల్లి నుంచి కోరుట్ల మీదుగా జగిత్యాల దాకా పల్లెల్లోకి వెళ్లి చూడండి. పసుపు చేల మధ్య రెండంతస్తుల మేడలు, ముందర స్టీలు రెయిలింగు, గోడలకు గ్రానైటు కనిపిస్తాయి. కింది అంతస్తులో ముసలి తల్లిదండ్రులు ఒక గదిలో ఉంటారు, పై అంతస్తుకు తాళం. ఆ మేడ కోసం కొడుకు ఎక్కడో ఆరుగురితో ఒక గదిలో పడుకుంటాడు. కట్టినవాడు ఆ ఇంట్లో ఉండేది రెండేళ్లకోసారి వచ్చే సెలవుల్లోనే. ఇల్లు కట్టుకోవద్దని నేననను. మేమూ కోరుట్లలో చిన్న ఇల్లు వేసుకున్నాం. కాని ఎవరూ ఉండని గదులకు పెట్టిన డబ్బును పొదుపనీ, పిల్లలతో కలిసి ఉన్న గదికి పెట్టిన డబ్బును దుబారా అనీ అనడం ఏ లెక్కా కాదు. భర్త గల్ఫ్‌లో ఉండగా పిల్లలను ఒంటిచేత్తో పెంచి, పెళ్లిళ్లు చేసి, చివరికి ఇంటికి వచ్చిన మనిషితో ఏం మాట్లాడాలో తెలియక నిలబడిన ఆడవాళ్లను నేను మా చుట్టాల్లోనే ఎరుగుదును. వాళ్లు ఏం పోగొట్టుకున్నారో ఏ పాసుబుక్కులోనూ కనబడదు.

మా చిన్నమ్మ మనవరాలికి మొన్న శ్రావణంలో మెట్‌పల్లిలో పెళ్లయింది. పెళ్లికొడుకు దుబాయిలో ఒక గిడ్డంగిలో సూపర్‌వైజరు, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి సరిపోయే జీతం వస్తోంది, అప్పులు లేవు. అమ్మాయి డిగ్రీ చదివింది, అక్కడ పని వెతుక్కుంటానంటోంది. ఆమెను రెండేళ్లు ఇక్కడే ఉంచి, ఆ డబ్బుతో ఇంటి పైకప్పు వేయాలని అత్తింటివాళ్ల ఆలోచన. నన్ను మాట్లాడమని అడిగితే వెళ్లాను. కిరాయి, కరెంటు, వీసా ఖర్చు, ఇంటికి పంపవలసినది, నెలకు మిగిలేది, ఆమెకు ఉద్యోగం దొరికితే పెరిగేది, అన్నీ ఒక కాగితం మీద రాసి పెళ్లికొడుకు తండ్రి ముందర పెట్టాను. ఇజారీ నమోదు చేయించుకొమ్మని, ఇల్లు పనికి దగ్గరలోనే చూడమని, కాగితాలు ఎవరికీ ఇవ్వవద్దని అబ్బాయికి విడిగా చెప్పాను. ఆ పెద్దాయన ఒకప్పుడు సౌదీలో పనిచేసి వచ్చినవాడే. కాగితం చాలాసేపు చూసి, "నా భార్యను తీసుకపోవుటానికి నాకైతే ఈ లెక్క ఎవ్వలు చెప్పలే" అన్నాడు. ఇంకా సరే అనలేదు. దసరా తర్వాత మళ్లీ కూర్చుందామన్నాడు, నేను వస్తానన్నాను.